క్యాన్సరు చికిత్స – స్వదేశ పరిశోధనము

శాస్త్రమునకు దేశభేదము లేదందురు. సత్యమే. కాని రోగికి దేశమున్నది. అతని సంసారమునకు ఆదాయవ్యయములున్నవి. మన ప్రజలకు మెండుగ వచ్చు రోగమును, మన ఆసుపత్రులకు గల సాధనములను ఎరిగి చేయవలసిన పరిశోధనమును మనకై పరులు చేసిపెట్టరు. మనవారు పూనుకొనిన చేయగలరని 1941లో వెలసిన ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి ఋజువు చేసినది.

నోటి క్యాన్సరు మన దేశమున అధికము. పొగాకు, వక్క దీనికి ముఖ్యకారణములు. నిప్పు నోటిలోనికుంచి అడ్డపొగ త్రాగు స్త్రీలను ఉత్తరాంధ్ర తీరవాసులెరుగుదురు. పుండు చిన్నదిగ నున్నపుడే మెడలోని గ్రంథులను కూడ తీసివేయవలెనా, లేక వానికి రోగము సోకినపిదప తీసిన చాలునా యని శస్త్రవైద్యులు చిరకాలము వాదించుకొనిరి. డాక్టరు అనిల్ డిక్రూజ్ ప్రభృతులు 500 మంది రోగుల ఫలితములను 2015లో ప్రకటించిరి. ముందుగనే తీయించుకొన్నవారిలో మూడేండ్లకు 80 శాతము మంది జీవించియుండగా, వేచియున్నవారిలో 67.5 శాతము మందియే మిగిలిరి.

రెండవది స్తన క్యాన్సరును గూర్చినది. డాక్టరు రాజేంద్ర బద్వే నాయకత్వమున 11 భారతీయ వైద్యశాలలలో జరిగిన ఈ పరిశోధన 2023లో వెలువడినది. గడ్డను కోయుటకు కొలది నిమిషముల ముందు దానిచుట్టును లిడోకెయిన్ అను తిమ్మిరిమందును సూదితో ఎక్కించిరి. సుమారు 1,600 మంది స్త్రీలలో, ఈ సూది పొందినవారు ఐదేండ్లకు 90.1 శాతము, పొందనివారు 86.4 శాతము బ్రతికియుండిరి. భేదము స్వల్పముగ తోచవచ్చును. నూటికి ముగ్గురు నలుగురు తల్లులు ఇల్లు చేరుట స్వల్పమా? ఒక్క పరిశోధనతో సర్వము తేలినదని మేమనము; ఇతరులును దీనిని పరీక్షింపవలసినదే. కాని ఈ మందు పాతది, చౌకైనది, ఏ పల్లెటూరి దంతవైద్యునికైనను తెలిసినది.

చిక్కంతయు ఇచ్చటనే యున్నది. లాభము లేని మందునకు బేరగాడుండడు. లక్షల ఖరీదుగల క్రొత్త మందును గూర్చి చెప్పుటకు కంపెనీ ప్రతినిధి వైద్యుని వాకిట నిలుచును. తిమ్మిరిమందును గూర్చి చెప్పుటకెవ్వరు వత్తురు? మెడగ్రంథులను తీయుటయో, గ్రంథము చదివి నేర్చునది కాదు. భుజమును ఎత్తించు నరమునకు హాని రాకుండ గ్రంథులను వేరుచేయుట గురువు ప్రక్కన నిలిచి, పలుమారులు చేసిననే చేతికి వచ్చును. నేర్పులేని కత్తి ప్రాణము నిలిపినను కూలివాని భుజబలమును హరింపవచ్చును.

కావున విజ్ఞానమును సంపాదించుటతో మన పని తీరలేదు. దానిని జిల్లా ఆసుపత్రి శస్త్రశాలకు చేర్చవలెను. హైదరాబాదున ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి, విశాఖపట్టణమున టాటా సంస్థకు చెందిన హోమీ భాభా ఆసుపత్రి కలవు. ఉభయ రాష్ట్ర ప్రభుత్వములును జిల్లా శస్త్రవైద్యులను వంతులవారిగ, జీతభత్యములకు లోపము రాకుండ, కొన్ని మాసములు అచ్చటికి పంపి నేర్పింపవలెను. వైద్యకళాశాలలు విదేశ గ్రంథములతోపాటు ఈ స్వదేశ పరిశోధనములను పాఠముగ చెప్పవలెను. రోగుల బంధువులును జంకక, ఈ చికిత్స మావారికి తగునా యని వైద్యుని అడుగవలెను.

ఈ సత్యములను తమ శరీరములతో నిరూపించినవారు మన దేశపు రోగులు. తత్ఫలము మన పేదలకు అందకున్న, వారి ఋణము మనకు తీరదు.