టేకు మీద సుద్దరంగా?

పాత బీరువాకో భోషాణానికో తెల్లని సుద్దరంగు పులిమి, మీద గులాబీలు వేసి హాల్లో పెట్టుకోవడం ఈ మధ్య మన ఊళ్లలోనూ ఫ్యాషనైంది. పాత సామాను తూకానికి పోవడం కంటే ఇది నయమే. కానీ ఏ కర్ర మీద వేస్తున్నామో చూసుకోవద్దూ?

ఇలా రంగులేసిన సామానుతో ఇంగ్లండులోని ససెక్స్‌లో చార్ల్‌స్టన్ అని ఓ పొలం ఇల్లు ఉంది. రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ అక్క వెనెసా బెల్, తోటి చిత్రకారుడు డంకన్ గ్రాంట్ 1916లో అందులోకి అద్దెకు దిగారు. యుద్ధానికి వెళ్లనన్న గ్రాంట్‌కు ప్రభుత్వం వ్యవసాయ పని అప్పగించింది. పొలం పని పోను మిగిలిన వేళల్లో తలుపులు, బల్లలు, పొయ్యి గూళ్లు, ఏది కనబడితే దానికల్లా కుంచె తగిలించారు. వెనెసా మంచం తలపలక మీద కలల దేవుడు మార్ఫియస్ రెక్కల తల వెలిసింది. కట్టెలపెట్టె చుట్టూ పాడుతూ ఆడుతూ దేవదూతలు. కట్టెలపెట్టెకు ఇంత వైభోగమా అని మన పెద్దమ్మలైతే ముక్కున వేలేసుకుందురు! అంతకు ముందే, చిత్రకారుడు రోజర్ ఫ్రై 1913లో లండన్‌లో పెట్టిన ఒమేగా వర్క్‌షాప్స్‌లో వీళ్ల చెయ్యి తిరిగింది. అక్కడ వస్తువు మీద చిత్రకారుడి పేరుండదు, ఒమేగా అక్షరమే ముద్ర. అది 1919లో మూతపడింది. చార్ల్‌స్టన్‌లో మాత్రం 1978లో గ్రాంట్ పోయేదాకా ఆ సామాను వాడకంలోనే ఉంది. ఇప్పుడా ఇల్లు మ్యూజియం.

వాళ్లు రంగులేసినవాటిలో చాలా వరకు చవక సామానే. మన నిర్మల్ బొమ్మల కళాకారులదీ ఇదే తెలివి. వాళ్లు వాడే పొనికి కర్ర తేలిక, మెత్తన. ఉలికి ఇట్టే లొంగుతుంది కానీ ఉత్తగా చూస్తే పాలిపోయి ఉంటుంది. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి అతుకులు పూడ్చి, సుద్ద పూసి, ఆపైన రంగు వేస్తారు. ఆ కర్రకు రంగే సింగారం.

టేకు సంగతి వేరు. తాతలనాటి బీరువా తలుపును తడిగుడ్డతో తుడవండి, చారలన్నీ తేలతాయి. గడియ పక్కన మూడు తరాల చేతులు తగిలి నున్నబడిన చోటు ఉంటుంది. సాండ్‌పేపర్ పట్టిస్తే ముందు పోయేది అదే, మళ్లీ రాదు.

రంగు వేయాలని చెయ్యి దురదపెడితే అటక మీది ప్లైవుడ్ బల్లతోనో, కాలు విరిగిన స్టూలుతోనో మొదలుపెట్టండి. భోషాణం జోలికి మాత్రం వెళ్లకండి. దానికి మెత్తని గుడ్డ, కాస్త అవిసెనూనె చాలు.