విన్నపం యాచన కాదు

అర్జీ పట్టుకొని కార్యాలయం ముందు నిలబడిన మనిషి తల వంచుకొని ఉండటం మనకు అలవాటైన దృశ్యం. 'విన్నపం' అనగానే ఆ వంగిన తలే కళ్ళముందు మెదలుతుంది. ఆ మాట పుట్టుక మాత్రం వేరొక సంగతి చెబుతున్నది.

'విను' అనే క్రియ నుండి విన్నపం వచ్చిందని అనుకునేవారున్నారు. అది సరికాదు. బడిలో నేర్చిన ప్రకృతి వికృతులను జ్ఞప్తికి తెచ్చుకోండి. విజ్ఞానం విన్నాణమైనట్లే విజ్ఞాపనం విన్నపమైంది. మూలం 'జ్ఞా' ధాతువు, అంటే ఎరుగుట. విజ్ఞాపనమంటే ఎరిగించుట, తెలియజేయుట. ఇదే మాట కన్నడంలో వకారం బకారమై 'బిన్నప', 'బిన్నహ' అయింది. తమిళంలో 'విణ్ణప్పం'గా నేటికీ దరఖాస్తుకు పేరై నిలిచింది. వినయం ఈ మాటకు తోడైన మర్యాద మాత్రమే. దేహీ అనడం దాని పుట్టుకలో లేదు.

1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర రాష్ట్రంలోనూ, బళ్ళారి మైసూరులోనూ చేరాయి. హద్దు మారింది గాని ఇంటి భాష మారలేదు. తెలుగు నాటకానికి వన్నె తెచ్చిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, బళ్ళారి రాఘవ ముగ్గురూ ఇక్కడి న్యాయవాదులే. అటువంటి ఊరిలో, తెలుగులో అర్జీ వ్రాస్తే చెల్లుతుందా అని సంకోచించే కుటుంబాలున్నాయి. తాము చదవలేని కాగితంపై సంతకం చేసి వచ్చే పెద్దలున్నారు. తనకే తెలియనిది ఎదుటివారికి తెలియజేయడం ఎట్లా?

సంకోచం అక్కరలేదు. కేంద్రంలో గాని రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా తన బాధను అధికారులకు వ్రాసుకొనే హక్కు ప్రతి మనిషికీ ఉన్నదని రాజ్యాంగం 350వ అధికరణం చెబుతున్నది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతులు కల్పించాలనే 350-ఎ అధికరణం 1956లో ఏడవ సవరణతో వచ్చింది. అయితే, సమాధానం కూడా అదే భాషలో ఇచ్చి తీరాలని 350వ అధికరణం చెప్పలేదు. ఆ కొరతను గుర్తెరిగి మనం మెలగాలి.

కనుక మీ అర్జీని తెలుగులో వ్రాయండి. కన్నడ అనువాదాన్ని జతచేయండి. అది లొంగుబాటు కాదు. ఎదుటివారికి తెలిసేటట్లు చెప్పడమే విన్నపం ధర్మం. సంతకానికి ముందు ఇంటిల్లిపాదికీ చదివి వినిపించండి. నకలు దాచుకోండి, అందినట్లు రసీదు అడిగి తీసుకోండి.

చేతులు జోడించడం మన సంస్కారం. తల వంచుకోవలసిన పని లేదు.