కిరీటం రాణిది సరే, తవ్విన చేతులు ఎవరివి?

మా బడిలో ఏడో తరగతి పిల్ల ఒకతి పాత పత్రిక ముక్క తెచ్చి చూపించింది. అందులో కిరీటం పెట్టుకున్న ఇంగ్లండు రాణి కెమిల్లా బొమ్మ. "ఈమె ఏం పని చేసుద్ది సార్?" అనడిగింది. "రాజును పెళ్లాడింది, అదే పని" అన్నాను. పిల్లలు నవ్వారు. ఇంటికొచ్చాక, అంత తేలిగ్గా తోసెయ్యాల్సిన ప్రశ్న కాదది అనిపించింది. అందుకే ఈ నాలుగు ముక్కలు.

2023 మే 6న లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో చార్లెస్‌కి కిరీటం పెట్టారు. పక్కనే ఆయన భార్యకీ పెట్టారు. ఆమెకు ఎవరూ ఓటెయ్యలేదు. ఆమె ఏ పరీక్షా రాయలేదు. ఆ దేశపు రాజ్యవ్యవస్థలో రాజు భార్యకంటూ విడిగా అధికారం ఏమీ లేదు. రాజు పక్కన నిలబడటం, విందుల్లో కూర్చోవటం, ఆస్పత్రులూ బడులూ చూసి రావటం, సేవాసంఘాలకు పోషకురాలిగా పేరివ్వటం - ఇవే ఆమె ప్రజా బాధ్యతలు.

న్యాయంగా చెప్పుకుందాం. ఆమె తల్లి ఎముకలు గుల్లబారే జబ్బుతో 1994లో చనిపోయింది. ఆ జబ్బు మీద పనిచేసే సంఘానికి కెమిల్లా 2001 నుంచి అధ్యక్షురాలు. ఇళ్లల్లో దెబ్బలు తినే ఆడవాళ్ల గురించి మాట్లాడుతుంది. జనం చేత పుస్తకాలు చదివించాలని 2021లో ఒక పఠనశాల మొదలుపెట్టింది. ఇవి చెడ్డ పనులు కావు. మంచి పనిని మంచి పని అనటానికి మనకు సిగ్గెందుకు? నా పేచీ ఆమె చేసే పనితో కాదు. ఆమె నెత్తిన ఉన్నదానితో.

ఆ నెత్తి సంగతి మనదాకా వస్తుంది. ఎట్లాగంటే, కోహినూరు వజ్రం వందేళ్లుగా రాజుల భార్యల కిరీటాల్లోనే ఉంటూ వచ్చింది. 1902లో అలెగ్జాండ్రా, 1911లో మేరీ, 1937లో ఎలిజబెత్. ముగ్గురూ రాజుల భార్యలే. అంతకుముందు దాన్ని చెక్కించి 186 క్యారెట్ల నుంచి 105 చిల్లరకు దించింది 1852లో. దగ్గరుండి ఆ పని చూసుకున్నవాడు విక్టోరియా రాణి మొగుడు ఆల్బర్ట్. ఆయనకూ ఉన్న హోదా పెళ్లితో వచ్చిందే.

కెమిల్లాకి మాత్రం కోహినూరు పెట్టలేదు. ఇండియాలో గొడవ లేస్తుందని భయపడ్డారని పత్రికలు రాశాయి. మేరీ రాణి కిరీటాన్నే సవరించి, అందులో కలినన్ వజ్రపు ముక్కలు పొదిగారు. ఆ కలినన్ ఎక్కడిది? 1905లో దక్షిణాఫ్రికా గనిలో దొరికింది. మన రాయిని పెట్టెలో దాచి ఆఫ్రికా వాళ్ల రాయిని పెట్టుకున్నారు. దీన్ని మర్యాద అందామా?

ఇక మన పెద్దమనుషుల సంగతి. "కోహినూరు మనది, తెలుగువాడి సొత్తు, తెచ్చుకోవాలి" అని సభల్లో గొంతులు చించుకుంటారు. మనది అంటే ఎవరిది? మొఘలుల దగ్గర్నుంచి 1739లో నాదిర్‌షా దోచాడు. ఆఫ్ఘన్ రాజుల చేతుల్లో తిరిగింది. 1813లో రంజిత్ సింగ్ లాక్కున్నాడు. 1849లో పదేళ్ల పిల్లాడు దులీప్ సింగ్ చేత సంతకం పెట్టించుకుని ఇంగ్లీషోళ్లు పట్టుకుపోయారు. ఒక దోపిడీదారు చేతి నుంచి ఇంకో దోపిడీదారు చేతికి! 2016లో మన కేంద్ర ప్రభుత్వ లాయరే సుప్రీంకోర్టులో, అది దొంగిలించిందీ కాదు, బలవంతంగా తీసుకున్నదీ కాదు అన్నాడు. గగ్గోలు లేచాక ప్రభుత్వం మాట మార్చింది. ఇన్ని మాటల్లో తవ్వినోడి మాట ఎక్కడన్నా వినపడిందా?

ఆ వజ్రం కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో పుట్టిందని అంటారు. రుజువు లేదు. అయితే ఆ గని ఉన్నది మాత్రం నిజం. పదిహేడో శతాబ్దంలో టావెర్నియర్ అనే ఫ్రెంచి నగల వ్యాపారి వచ్చి చూసి రాశాడు. కొల్లూరులో ఆడా మగా పిల్లా పీచూ కలిపి దాదాపు 60,000 మంది పనిచేసేవాళ్లట. మగాళ్లు తవ్వితే ఆడవాళ్లూ పిల్లలూ మట్టి మోసేవాళ్లట. దక్కన్‌లోనే ఇంకో గనిలో, పని బాగా తెలిసినవాడికి కూడా ఏడాదికి 3 వరహాలే కూలి అని రాశాడు. ఒంటి మీద గోచీ తప్ప ఏమీ లేని ఆ కూలీలు, దొరికితే రాయి మింగేసేవాళ్లట. ఒకడు కంటి మూలలో దాచాడట. దాన్ని దొంగతనం అన్నారు. రాజు కిరీటంలో దాచుకుంటే వైభవం అన్నారు!

తవ్వినోళ్ల కులం ఏమిటో నేను కల్పించి చెప్పను. కానీ ఈ దేశంలో మట్టి తట్ట ఎవరి నెత్తికెక్కుతుందో, కిరీటం ఎవరి నెత్తికెక్కుతుందో ఒకరు చెప్పాలా? మా అమ్మ చెరువు పనిలో తట్ట మోసింది. ఆ తట్ట కిందే నేను అక్షరాలు దిద్దాను. ఇవాళ ఆ కొల్లూరు కూడా లేదు. పులిచింతల నీళ్లలో మునిగింది.

అన్నలారా, అక్కలారా! భర్త వెంట నడిచి ప్రజల పని చేసిన స్త్రీని చూడాలంటే లండను దాకా పోనక్కర్లేదు. సావిత్రీబాయి ఫూలే 1848లో భర్త జోతిరావుతో కలిసి పూణేలో ఆడపిల్లల బడి పెట్టింది. దారిలో పేడ విసిరితే, మార్చుకోను ఇంకో చీర వెంట తీసుకుపోయింది. 1897లో ప్లేగు సోకిన దళిత పిల్లాణ్ణి భుజాన మోసుకొచ్చి, ఆ జబ్బు తనకంటుకుని మార్చి 10న చనిపోయింది. అదే ఏడాది జూన్‌లో లండన్‌లో విక్టోరియాకి వజ్రోత్సవం జరిగింది. ఎవరిది ప్రజా బాధ్యతో మీరే చెప్పండి.

కోహినూరు రావాలా వద్దా అని మనల్ని అడిగితే మన జవాబు ఇది. రానివ్వండి. వస్తే మాత్రం ఏ రాజు పేరుతోనో అద్దాల పెట్టెలో పెట్టి చేతులు దులుపుకుంటే ఒప్పుకోం. పక్కనే బోర్డు పెట్టాలి: 60,000 మంది, 3 వరహాల కూలి, మట్టి మోసిన ఆడవాళ్లు, పిల్లలు. ఆ వజ్రం చూపించి వసూలు చేసే టిక్కెట్టు డబ్బుతో కృష్ణ ఒడ్డు వాడల్లో పుస్తకాల గదులు కట్టాలి. రాణిగారికీ చదువంటే ఇష్టమే గదా, కాదనదు!

ఆ పిల్లకు రేపు బడిలో మళ్లీ జవాబు చెప్తాను. ఆమె చేసే పని కిరీటం మోయటం. దాని బరువు మోసింది మాత్రం మనవాళ్లు.