పాముకో కొమ్మ

మొన్నీమధ్య విజయవాడ నుంచి మా మేనల్లుడు ఫోను చేశాడు. "మావయ్యా, హంసలదీవి వైపు వెళ్తే ఒడ్డుకు కొట్టుకొచ్చిన వంకర కొమ్మ ఒకటి తెచ్చిపెడతావా?" అని. ఎందుకురా అంటే కాసేపు నసిగి, "పాము కోసం" అన్నాడు.

ఉలిక్కిపడ్డాను. నేను దివిసీమలో పుట్టి పెరిగినవాణ్ణి. మా ఊళ్ళో చీకటి పడ్డాక పాము అన్న మాట పలకరు, పురుగు అంటారు. అటువంటి పురుగును అద్దాలపెట్టెలో పెట్టి, అది పాకడానికి కొమ్మ వెతుకుతున్నాడు మావాడు!

వాడి దగ్గరున్నది బాల్ పైథాన్. ఆఫ్రికా జాతి, విషం లేనిది, పెరిగితే మూడు నుంచి ఐదడుగులుంటుంది. మన నేలమీది పాములను ఇంట్లో ఉంచుకోవడానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. ఇలాంటి విదేశీ పామునైనా 2024 నాటి నియమాల ప్రకారం ప్రభుత్వం వద్ద నమోదు చేయించాలి. ముందు అదే అడిగాను. చేయించానన్నాడు. ఇక కొమ్మ మాట.

హంసలదీవి కొమ్మ వద్దన్నాను. ఒడ్డుకు కొట్టుకొచ్చినదంతా ఉప్పు పీల్చుకున్న కర్ర. అది ఏ చెట్టుదో కూడా తెలియదు. మా మడ అడవుల్లో తిల్ల అనే చెట్టుంది. దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పైగా అది అభయారణ్యం. అక్కడ పుల్ల విరవడం కూడా తప్పే. గన్నేరు, జిల్లేడు సంగతి చెప్పనక్కర లేదు, రెండూ విషమే. మందు కొట్టిన తోటలో కొమ్మా పనికిరాదు. మిగిలింది మా పెరటి జామ. గట్టిది, నునుపైనది, ఏ మందూ ఎరుగనిది.

కొమ్మ పాము ఒంటి లావుకు తగ్గకూడదు. మొనదేలిన పుల్లలు కోసి, ఊడివచ్చే బెరడు తీసి, వేడినీళ్ళతో బ్రష్షు పెట్టి రుద్దాలి, సబ్బు వాడకుండా. చీమలూ చెదలూ పురుగు గుడ్లూ చావడానికి మరిగే నీళ్ళు పోయాలి. లేదా ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర ఓ గంట ఉంచాలి, కర్ర అంటుకోకుండా పక్కనే కాపలా ఉండి. ఆపైన తడి లేకుండా ఎండనివ్వాలి; తడి మిగిలితే బూజు పడుతుంది. చివరగా పెట్టెలో కదలకుండా బిగించాలి. బరువైన పాముతో కొమ్మ జారిందా, దాని వెన్నుకే దెబ్బ.

పామును పెట్టెలో పెట్టడం నాకు నచ్చదు. అయినా పెట్టినవాడు దానికో కొమ్మ బాకీ పడ్డాడని నా అభిప్రాయం. ఆ బాకీ తీర్చాలంటే పాము కళ్ళతో చూడక తప్పదు: దేన్ని పట్టుకుంటుంది, ఎక్కడ దాక్కుంటుంది, ఏది దాన్ని బాధిస్తుంది అని.

నా గోడు ఇక్కడే ఉంది. ఆ చూపు మన పెరట్లో మనకెందుకు లేదు? ఇంటి గోడనానుకుని కట్టెలమోపు, పక్కన కొబ్బరిమట్టల కుప్ప, గాదె కింద ఎలుకలు. పాముకు ఇంతకంటే సుఖమైన నివాసం ఎవరు కట్టగలరు? నాగులచవితికి పుట్టలో పాలు పోస్తాం, పొలంగట్టు మీది పొద నరికేస్తాం, ఇంటిగోడ పక్కన మోపు పేరుస్తాం. 2018 వానల్లో దివిసీమలో పాముకాట్లు పెరిగినప్పుడు మోపిదేవిలో సర్పశాంతి యాగం చేశారు. భక్తిని తప్పుపట్టను. కానీ యాగం అయ్యాక ఎన్ని మోపులు గోడ దగ్గర నుంచి జరిగాయి?

ఇది పెద్దల పుస్తకంలో చదివి రాస్తున్న మాట కాదు. మా పెదనాన్న సంధ్యవేళ మోపులో కర్ర లాగబోయి కట్లపాము కాటుకు గురయ్యాడు. నొప్పి పెద్దగా లేదు కదా అని అందరూ మంత్రగాడి కోసం చూస్తూ కూర్చున్నారు. ఆ కూర్చున్న రెండు గంటలే ఆయన ప్రాణం తీశాయి. దేశంలో పాముకాటుకు ఏటా సుమారు 58 వేలమంది పోతున్నారని 2020లో వెలువడిన అధ్యయనం చెప్పింది. ఆ లెక్క చదివినప్పుడల్లా నాకా మోపే గుర్తొస్తుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుకపింజరి — ఈ నాలుగింటికీ పనిచేసే మందు ఆసుపత్రిలో ఉంటుంది, మంత్రంలో ఉండదు.

జామకొమ్మ ఇస్తానన్నాను, ఒక షరతు మీద. ఆదివారం మావాడు వచ్చి, కాళ్ళకు బూట్లు తొడుక్కుని, పొడుగాటి కర్రతో మా మోపు కదిలించాడు. దాన్నంతా ఇంటికి దూరంగా, నేలకు జానెడెత్తున పలకల మీదకు మార్చాం. అడుగున ఒక కుబుసం దొరికింది. వాడు దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి చాలాసేపు చూశాడు. "మన ఇంట్లోనే ఉందన్నమాట మావయ్యా" అన్నాడు.

ఎప్పటి నుంచో ఉంది. మనమే చూడలేదు. మీ పెరట్లో మోపు గోడకెంత దూరంలో ఉందో ఒకసారి చూసి చెప్పండి.