ఆ 23 మంది సంగతేమిటి?

ఎవరికైనా ఉద్యోగం రాకపోతే ఓదార్పుగా ఒక మాట వినిపిస్తూంటుంది: "నిజమైన టాలెంట్‌ని ఎవ్వరూ ఆపలేరండీ!" రాక్ సంగీతం వినే మిత్రులైతే దానికి సాక్ష్యంగా జోన్ జెట్‌ని పట్టుకొస్తారు. 23 కంపెనీలు కాదన్నాయిట, ఐనా గెలిచి చూపించిందిట! ఆ ఉదాహరణ విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఆ కథ చెప్పేది సరిగ్గా దానికి వ్యతిరేకం కనక.

జోన్ జెట్ అప్పటికి ఊరూ పేరూ లేని పిల్లేం కాదు. 1975లో, పదిహేడేళ్ళు నిండకుండానే, అందరూ అమ్మాయిలే ఉన్న ద రనవేస్ అనే రాక్ బృందాన్ని మొదలుపెట్టినవాళ్ళలో ఒకతె. 1977లో జపాన్ వెళ్తే అక్కడి జనం వాళ్ళని చూడ్డానికి ఎగబడ్డారు. 1979లో బృందం విడిపోయింది. తర్వాత నిర్మాత కెన్నీ లగూనాతో కలిసి సొంతంగా పాటలు రికార్డు చేసుకుని కంపెనీల చుట్టూ తిరిగితే, 23 చోట్ల వద్దన్నారు. వాళ్ళకి వినిపించినవాటిలో 'ఐ లవ్ రాక్ ఎన్ రోల్' కూడా ఉంది. ఆ పాటనే మళ్ళీ రికార్డు చేస్తే 1982లో అమెరికాలో ఏడు వారాలపాటు నంబర్ వన్‌గా కూర్చుంది. అదండీ ఆ పెద్దల చెవుల సంగతి!

మరి తొలి ఆల్బమ్ ఎలా బయటికొచ్చింది? టాలెంటు దానంతటదే నడిచొచ్చిందా? ద హూ బృందం, స్టూడియో డబ్బులు తర్వాత ఇవ్వచ్చులెమ్మంది. లగూనా కూతురి చదువుకోసం దాచిన డబ్బు తీసి రికార్డులు వేయించాడు. 1980లో 'జోన్ జెట్' అన్న పేరుతో వచ్చిన ఆ ఆల్బమ్‌ని కచేరీల దగ్గర కాడిలాక్ కారు డిక్కీలోంచి అమ్ముకున్నారు. 1981లో బోర్డ్‌వాక్ కంపెనీ దాన్నే 'బ్యాడ్ రెప్యుటేషన్' అని పేరు మార్చి విడుదల చేసింది.

అంటే టాలెంట్‌ని 23 మంది శుభ్రంగా ఆపేశారు. దాన్ని దాటించినవి ఒక స్నేహితుడి పొదుపు, ఒక కారు డిక్కీ. లగూనా దొరకని అమ్మాయి సంగతేమిటి? ఆమె ఆల్బమ్ మనం వినలేదు. వినలేదు కాబట్టి, అలాంటి మనిషి లేదనుకుంటున్నాం.

"బీటిల్స్‌ని కూడా 1962లో డెక్కా కంపెనీ వద్దంది కదా" అంటారు. నిజమే. కానీ మగపిల్లలు గిటారు పట్టుకోకూడదని వాళ్ళకెవరూ చెప్పలేదు. అమ్మాయిలు రాక్ వాయించరని తన గిటారు మాస్టారే అన్నాడని జోన్ జెట్ ఎన్నోసార్లు చెప్పింది. ఆ మాస్టారి మాటకీ, కంపెనీల ఉత్తరాలకీ నాకు పెద్ద తేడా కనపడదు.

ఇంత ఆవేశం దేనికంటే, నేనూ ఆ కుర్చీలో కూర్చున్నాను. కొన్నేళ్ళ కిందట ఒక ప్రాజెక్టుకి ఇంటర్వ్యూలు చేస్తూ, అడిగినవాటికల్లా చక్కగా సమాధానాలు చెప్పిన అమ్మాయికి "టీమ్‌లో ఇమడదు" అని రాశాను. ఎందుకూ? మాట కాస్త గట్టిగా ఉందని. అంతే గట్టిగా మాట్లాడిన కుర్రాడికి అదే వారం "ఆత్మవిశ్వాసం ఉంది" అని రాశాను! తర్వాత ఆ అమ్మాయి ఏమైందో నాకు తెలీదు. "టాలెంటుంటే ఎక్కడో అక్కడ పైకొచ్చే ఉంటుందిలే" అనుకుని హాయిగా నిద్రపోయాను.

ఆ సామెత ఉన్నది ఓడినవాళ్ళని ఓదార్చడానికి కాదు, కాదన్నవాళ్ళని నిద్రపుచ్చడానికి. 2015లో జోన్ జెట్‌ని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు, సంతోషం. చప్పట్లు కొడదాం. కానీ ఈసారి ఆమె కథ చెప్పేటప్పుడు ఆమె పట్టుదలతో ఆపకండి. 23 మంది చేసిన తప్పు దగ్గర ఒక్క నిమిషం ఆగండి. మనలో చాలామందిమి జోన్ జెట్‌లం కాదు. ఆ 23 మందిలో ఒకళ్ళం.