మొక్కై వంగనిది... మానై ఎందుకు వంగదు?

బెండకాయలు ఏరేవాళ్లు కొన విరిచి చూస్తారు. టప్పున విరిగితే లేతది. విరగకుండా వంగిందంటే ముదిరినట్టే. దాన్ని ఎంతసేపు వేయించినా పీచు పీచుగానే ఉంటుంది. నాలుగు రోజుల క్రితం నవనవలాడిన కాయ ఇంతలోనే ఇలా ఎందుకైంది? లేత మొక్క వంగుతుంది, మాను వంగదు... ఎందుకని? రెండింటికీ జవాబు ఒకటే. దాని పేరు లిగ్నిన్. లాటిన్‌లో 'లిగ్నమ్' అంటే కలప.

చువ్వల మధ్య కాంక్రీటు

మొక్కల్లో ప్రతి కణం చుట్టూ సెల్యులోజ్ పోగులతో అల్లిన గోడ ఉంటుంది. ఆ పోగులు శ్లాబులోని ఇనుప చువ్వల్లాంటివి. బలంగా ఉంటాయిగానీ వంగుతాయి. వాటి సందుల్లో కాంక్రీటులా నిండి గట్టిపడేదే లిగ్నిన్. ఇది నీటిని అంటనివ్వదు. అందుకే వేళ్లు పీల్చిన నీరు గొట్టాల్లాంటి కణాల గుండా చిటారు కొమ్మదాకా చేరుతుంది. ఎండిన కలప బరువులో సుమారు 20 నుంచి 30 శాతం లిగ్నినే!

దీని తయారీ ఫినైల్‌అలనిన్ అనే అమైనో ఆమ్లంతో మొదలవుతుంది. పప్పులో, పాలలో ఉండే మాంసకృత్తుల్లోనూ ఇది ఉంటుంది. ఎంజైములు ముందుగా దీన్నుంచి అమ్మోనియాను వేరుచేస్తాయి. తర్వాత అంచెలంచెలుగా మూడు రకాల ఆల్కహాళ్లుగా మారుస్తాయి. కౌమరైల్, కోనిఫెరైల్, సినపైల్ అనేవి వాటి పేర్లు. లిగ్నిన్‌కు ఇవే ఇటుకలు. ఇవి కణం లోపలి నుంచి గోడలోకి చేరగానే పెరాక్సిడేజ్, లాకేజ్ అనే ఎంజైములు వాటి నుంచి ఒక్కో హైడ్రోజన్‌ను లాగేస్తాయి. అంతే... నిలకడ కోల్పోయిన ఆ అణువులు పక్కనున్న వాటిని పట్టుకుని అతుక్కుపోతాయి.

అసలు విశేషం ఇక్కడే ఉంది. మాంసకృత్తుల్లో ఏ ముక్క పక్కన ఏది ఉండాలో జన్యువులు నిర్ణయిస్తాయి. లిగ్నిన్‌కు అలాంటి వరుస లేదు. ఎటు వీలైతే అటు అతుక్కుంటుంది. వరుసే లేని దాన్ని విడగొట్టడం ఎంత కష్టమో! కలపను తెల్లగా కుళ్లబెట్టే కొన్ని శిలీంధ్రాల్లాంటి కొద్ది జీవులకే ఆ విద్య బాగా తెలుసు. నీటిగొట్టంగా మారే కణమైతే గోడ గట్టిపడేసరికి తాను చనిపోతుంది. మిగిలిన బోలు గొట్టమే చెట్టుకు ప్రాణాధారం.

పశువుకు కష్టం... పైరుకు అండ

చెట్టును నిలబెట్టే ఈ బలమే పశువుకు ఇబ్బంది. ఆవు పొట్టలోని సూక్ష్మజీవులు సెల్యులోజ్‌ను అరిగించగలవు. కానీ చుట్టూ లిగ్నిన్ అడ్డుంటే దాన్ని చేరలేవు. ముదిరిన జొన్నచొప్ప ఎంత వేసినా పశువుకు చాలినంత శక్తి అందకపోవడానికి ఇదో ముఖ్య కారణం.

అయితే లిగ్నిన్‌ను తగ్గిస్తే సరిపోదా? 1924లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆకు నడిమి ఈనె గోధుమరంగులో ఉన్న మొక్కజొన్న మొక్కలు కనిపించాయి. వాటిలో లిగ్నిన్ తక్కువని తర్వాత తేలింది. 1970ల్లో పర్డ్యూ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు జొన్న విత్తనాలను రసాయనాలతో శుద్ధిచేసి అలాంటి రకాలనే సృష్టించారు. ఆల్కహాళ్లను తయారుచేసే ఎంజైముల్లో ఒకటి సరిగా పనిచేయకపోవడమే వాటి ప్రత్యేకత. ఆ మేత పశువులకు బాగా అరుగుతుంది. కానీ అలాంటి కొన్ని రకాల్లో దిగుబడి తగ్గింది, గాలికి పైరు పడిపోయింది. పశువు పొట్టకు తేలికైంది చేలో నిలబడలేకపోయింది! ఈ రెంటికీ మధ్య సమతూకం కోసమే పరిశోధకుల ప్రయత్నమంతా.

రైతు చేతిలో మాత్రం తేలికైన ఉపాయం ఒకటుంది... అదను. పశుగ్రాసపు జొన్నను చేలో సగం మొక్కలు పూతకొచ్చినప్పుడు కోయమంటారు. అప్పటికి మేత తగినంత పెరుగుతుంది, కాండం ఇంకా మరీ ముదరదు. బెండకాయకైనా, చొప్పకైనా సూత్రం ఒక్కటే. లిగ్నిన్ ఒకసారి గట్టిపడిందంటే ఇక వెనక్కి తిరగదు!