తోలు సీటు మీద మరకా? తొందరపడకండి

పెళ్లికో, సభలకో ఇంటిల్లిపాదీ కారులో బయలుదేరితే దారిలో పులిహోర పొట్లం విప్పక మానరు. ఇల్లు చేరేసరికి సీటు మీద ఒక పసుపు మరక, ఒక నూనె మరక తప్పవు. మేము చూసినంతవరకు మరక వల్ల పాడైన తోలు సీట్లకన్నా మరక తీయబోయి పాడుచేసినవే ఎక్కువ. అప్పుచేసి పాత కారు కొని బాడుగకు తిప్పుకొనే కుటుంబానికి సీటు తోలు మార్పించడం చిన్న ఖర్చు కాదు.

మొదట అది నిజంగా తోలేనా అని చూడాలి. చాలా కార్లలో ఒళ్లు ఆనేచోట మాత్రమే తోలు వేసి, పక్కలకు రెక్సిన్ వంటిది కుడతారు. సీటు అడుగున అంచు తిప్పి చూస్తే రెక్సిన్ వెనుక సాధారణంగా గుడ్డ కనబడుతుంది. తోలు వెనుక నూగులాంటి పీచు ఉంటుంది. తరువాత కనబడనిచోట ఒక నీటిచుక్క వేయండి. చుక్క అలాగే నిలిస్తే తోలు మీద పూత ఉన్నట్టు. పీల్చుకొని నల్లబడితే పూత లేనట్టే. అటువంటిదాన్ని ఇంట్లో ముట్టుకోక, తెలిసిన పనివానికి చూపించడం మేలు.

ఈ పూత సంగతే చాలామంది మరచిపోతారు. పైకి కనబడే రంగు దాని మీద పలుచగా వేసిన పూతదే. పెట్రోలు, థిన్నరు, స్పిరిటు, గోళ్లరంగు తుడిచే మందు మరకతోపాటు పూతనూ కరిగిస్తాయి. పోయిన రంగు ఎంత తుడిచినా తిరిగి రాదు. టూత్‌పేస్టు రుద్దితే పూత గీసుకుపోతుంది. ఇక బట్టల సబ్బు. చీర మీది పసుపు మరకకు సబ్బు పెడితే ఎర్రబడడం మన ఆడవారందరూ చూసినదే. అది సబ్బులోని క్షారం చేసే పని. తోలుకు కొద్దిగా ఆమ్లగుణం ఉంటుంది గనుక క్షారం పదేపదే తగిలితే బిరుసెక్కి పగులుతుంది. చాకలి సోడా అయితే మరీ ప్రమాదం.

మరి ఏమి చేయాలి? ముందు మెత్తని బ్రష్షుతో దుమ్ము దులపాలి, లేకపోతే ఇసుకరేణువులే గీతలు పెడతాయి. గ్లాసు గోరువెచ్చని నీటిలో పసిపిల్లల షాంపూ నాలుగైదు చుక్కలు కలిపి, పాత నూలుగుడ్డ ముంచి గట్టిగా పిండి, మరక అంచు నుండి లోపలికి తేలికగా తుడవండి. ఇది కూడా మొదట సీటు అడుగున ఒకచోట చేసి చూడండి. ఆ తరువాత ఉత్త తడిగుడ్డ, ఆపైన పొడిగుడ్డ. తలుపులు తెరిచి నీడలోనే ఆరనివ్వాలి. చిల్లులున్న సీటు మీద నీళ్లు పోస్తే లోపలి స్పంజి నాని వాసన పడుతుంది.

నూనె మరకకు ముందుగా తడి తగలనివ్వకండి. అద్ది తీసి, ముఖానికి రాసుకొనే పౌడరు గానీ మొక్కజొన్న పిండి గానీ చల్లి, రాత్రంతా ఉంచి దులపండి. తల ఆనేచోట ఏళ్ల తరబడి ఇంకిన తలనూనె పూర్తిగా పోకపోవచ్చు. బబుల్‌గమ్ అంటుకుంటే ప్లాస్టిక్ సంచిలో ఐసుముక్క పెట్టి ఆనించండి, గట్టిపడి ఊడివస్తుంది. పసుపు మరక తుడవగా మిగిలిన ఛాయ వెలుతురుకు రోజుల మీద వెలిసిపోతుంది, నిమ్మకాయ రుద్దనక్కరలేదు. బాల్‌పెన్ను సిరా అన్నిటికంటే మొండిది. అప్పుడే పడినదైతే షాంపూ గుడ్డతో అద్దండి. పాతదైతే తోలుకు రంగువేసే పనివానికి వదిలేయండి.

మెరుపు కోసం కొబ్బరినూనె రాసే అలవాటు కొందరికి ఉన్నది. పూత ఉన్న తోలులోకి అది సరిగా ఇంకదు, పైన జిడ్డుగా నిలిచి దుమ్మును పట్టుకుంటుంది. లేతరంగు సీటుకు కొత్త జీన్స్ రంగు కూడా అంటుకుంటుంది. రెండుసార్లు ఉతికాకే పిల్లలకు తొడిగి కారెక్కించండి.